జీతం స్లిప్పు చదవడానికి పనికిరాని ఇంగ్లీషు మనకెందుకు?

2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ ప్రభుత్వం జీవో 81 ఇచ్చినపుడు రాష్ట్రమంతా ఎంత రాద్ధాంతం జరిగిందో అందరికీ గుర్తుండే వుంటుంది. తెలుగు చచ్చిపోతున్నదని ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. సభలు పెట్టారు, వ్యాసాలు రాశారు, కోర్టుకెక్కారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. అమ్మభాష గురించి అంతగా బాధపడిన పెద్దమనుషుల పిలకాయలూ, మనవళ్ళూ ఏ మీడియంలో చదువుతున్నారయ్యా అని మన సంఘాల వాళ్ళు అడిగితే మాత్రం సమాధానం రాలేదు. ఆ సంగతి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. మళ్ళీ ఇక్కడ ఏకరువు పెట్టబోవడం లేదు.

మేము ఇప్పుడు అడుగుతున్నది వేరే ప్రశ్న. ఆ గొడవంతా ఆరేళ్ళ పిల్లోడి గురించి జరిగింది. వాడి అమ్మానాయన గురించి ఎవరు మాట్లాడారు? తెలుగు మీడియంలో పదో తరగతి గట్టెక్కినవాళ్ళు, ఇంటరు తప్పినవాళ్ళు, డిగ్రీ చేసి కూడా నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పలేక తలవంచుకుని వెనక్కి వచ్చినవాళ్ళు మన పల్లెల్లో ఎంతమంది లేరు? వాళ్ళ వయసు ఇరవై నుంచి నలభై అయిదు. ఇంకా పాతికేళ్ళు పనిచేసి బతకవలసినవాళ్ళు. అటు ప్రభుత్వానికీ, ఇటు భాషోద్ధారకులకూ వాళ్ళు లెక్కలో లేరు. నిజం చెప్పాలంటే మన ఉద్యమానికి కూడా సరిగా లెక్కలో లేరు.

సత్యవేడు, వరదయ్యపాళెం దిక్కున తెల్లారకముందే రోడ్డు మీద నిలబడి చూడండి. కంపెనీ బస్సులు ఊరూరూ తిరిగి మన ఆడపిలకాయల్ని ఎక్కించుకుంటా పోతాయి. శ్రీసిటీ 2008లో మొదలైంది. 2015 నుంచి ఫాక్స్‌కాన్ వాళ్ళు అక్కడ సెల్‌ఫోన్లు తయారుచేస్తున్నారు. 2016లో ఇసుజు వచ్చింది, 2023లో దైకిన్ ఏసీల ఫ్యాక్టరీ వచ్చింది. రేణిగుంట చుట్టూ బ్యాటరీలు, టీవీలు, సెల్‌ఫోన్ల కంపెనీలు. పైన తిరుపతి వుండనే వుంది. లాడ్జీలు, హోటళ్ళు, ట్రావెల్సు, ఆసుపత్రులు. చెనక్కాయ చేలల్లో కూలి దొరక్క, మామిడి తోటల్లో ఏడాదికి రెండు నెలల పనితో కడుపు నిండక, మనవాళ్ళు ఈ గేట్ల ముందర నిలబడినారు. లోపలికి పోయినారు కూడా. లోపల ఏమయ్యారు? పదేళ్ళ కిందట హెల్పరుగా పోయినవాడు ఈరోజుకీ హెల్పరే. మహా అయితే ఆపరేటరు. లైన్ లీడరు ఎవరు, సూపర్‌వైజరు ఎవరు, హెచ్.ఆర్.లో కుర్చీలో కూర్చున్నది ఎవరు అని చూస్తే మన ఊరి పై వీధి పేర్లే అక్కడా వినబడతాయి.

ఎందుకిట్లా అని అడిగితే ఒక్కటే జవాబు. "మీవాళ్ళకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవండీ."

ఈ మాటను మనం బాగా అర్థం చేసుకోవాలి. వెనకటికి 'నీకు అర్హత లేదు' అన్నారు. ఆ తర్వాత 'మెరిట్ లేదు' అన్నారు. ఇప్పుడు 'కమ్యూనికేషన్ లేదు' అంటున్నారు. కులం పేరు ఎత్తకుండానే కులం చేసే పని చేయించుకునే మాట ఇది. చట్టానికి దొరకదు. అట్రాసిటీ కేసు పెట్టడానికి వీలుకాదు. పైగా విన్నవాడు తప్పు తనదే అనుకుని తల దించుకుంటాడు. అయితే ఈ మాటలో కులం వుందని తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ సాకును వాళ్ళ చేతిలోనుంచి లాక్కోవాలి కదా!

ఇంటర్వ్యూలో మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో తెలుసా? బయోడేటాలో అడ్రసు దగ్గర. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఊరి పేరు పక్కన ఏ.ఏ.డబ్ల్యూ. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు వుంటాయి. ఓటరు లిస్టులో వుంటాయి, రేషన్ కార్డులో వుంటాయి, ఆధార్‌లోకి కూడా ఎక్కినాయి. ఆది ఆంధ్రవాడ అని దానర్థం. కొన్నిచోట్ల హెచ్.డబ్ల్యూ. అని హరిజనవాడ. ఇంగ్లీషు రాదని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళు మన కులాన్ని మాత్రం ఇంగ్లీషులోనే రాసి పెట్టారు. మన పిల్లోళ్ళలో చాలామందికి ఆ మూడక్షరాల అర్థం తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడికి మాత్రం చూడగానే తెలిసిపోతుంది.

మనవాళ్ళకు ఇంగ్లీషు రాదు అనేది సగం అబద్ధం. ఏ పల్లెలోనైనా బోరు మోటారు రిపేరు చేసేవాడిని పిలిచి కూర్చోబెట్టి రాసుకోండి. స్టార్టరు, కెపాసిటరు, ఫ్యూజు, బేరింగు, వాషరు, కాలరు, వైండింగు, వాల్వు, పంపు, కేసింగు. ఒక గంటలో నూరు మాటలు తేలతాయి. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడకూతురిని అడగండి. షిఫ్టు, ఓటీ, టార్గెట్టు, రిజెక్టు, రీవర్కు, చెక్కింగు, ప్యాకింగు, గ్లౌజు, బ్రేక్ టైము. లాడ్జీలో రూం బాయ్‌కి చెకౌట్, అడ్వాన్సు, ఎక్స్‌ట్రా బెడ్డు, బ్లాంకెట్టు, లగేజీ. ఈ మాటలన్నీ నోట్లో వున్నాయి, చేతిలో వున్నాయి. లేనిదల్లా రెండు. వాటిని కాగితం మీద గుర్తుపట్టడం ఒకటి, వాటిని ఒక వరసలో పెట్టి వాక్యం చేయడం ఒకటి. తెలుగులో పని మాట చివర్లో వస్తుంది, ఇంగ్లీషులో నడుమ వస్తుంది. 'మోటారు కాలిపోయింది' అనేవాడికి ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం భయం పోతుంది. దీనికి మూడేళ్ళు అక్కరలేదు. కానీ మన స్పోకెన్ ఇంగ్లీషు దుకాణాల్లో పన్నెండు రకాల టెన్సుల పట్టికతో మొదలుపెడతారు. రెండో వారానికి సగం బెంచీలు ఖాళీ.

వయసు ముదిరితే భాష రాదు అనే మాట ఇంకొకటి. నగరి, పుత్తూరు, సత్యవేడు మనుషులకు తమిళం ఎట్లా వచ్చింది? పలమనేరు, కుప్పం వాళ్ళకు కన్నడం ఎవరు నేర్పినారు? వేలూరు సీఎంసీ ఆసుపత్రికి ముసలి తల్లిని తీసుకుపోయిన మన అక్క పది రోజుల్లో వార్డు బాయ్‌తో తమిళంలో తగాదా పెట్టుకోగలుగుతుంది. తిరుపతిలో ఆటో తోలేవాడు హిందీ యాత్రికుడితో హిందీ, కన్నడిగుడితో కన్నడం మాట్లాడి కిరాయి కుదుర్చుకుంటాడు. అవసరం వుంటే, ఎగతాళి చేసేవాడు లేకపోతే, నలభై ఏళ్ళకీ భాష వస్తుంది. ఇంగ్లీషు దగ్గర మాత్రమే నోరు ఎందుకు కట్టుబడిపోతుంది? తమిళం తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వరు. ఇంగ్లీషు తప్పు మాట్లాడితే నీ పుట్టుక గుర్తుచేస్తారు.

మా తరం వాళ్ళకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేము. ఊళ్ళో తెలుగు మీడియంలో ఫస్టున పాసై తిరుపతి కాలేజీకి వచ్చినాక, క్లాసులో అటెండెన్సు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగలని రోజులున్నాయి. ఒక అధ్యాపకుడు మమ్మల్ని నిలబెట్టి పేరా చదివించి, తప్పు చదివినచోటల్లా క్లాసంతా నవ్వేదాకా ఆగేవాడు. హాస్టల్‌కి వచ్చి ఆ పేరానే రాత్రి ఒకరికొకరం చదివి వినిపించుకునేవాళ్ళం. మాకు ఇంగ్లీషు వచ్చింది క్లాసులో కాదు, ఎస్సీ హాస్టల్ వరండాలో.

ప్రభుత్వాలు అసలు ఏమీ చేయలేదని అనడం లేదు. 2005లో గ్రామీణ యువతకు ఉద్యోగాలు ఇప్పించడానికని ఈజీఎంఎం పెట్టారు. మూడు నెలలు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పే అకాడమీలు నడిపారు. కొంతమంది మన పిల్లలు అక్కడినుంచి షాపింగ్ మాల్స్‌లో, బీపీవోల్లో చేరినారు. 2014 సెప్టెంబరులో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది. అందులో సగం నిధులు ఎస్సీ ఎస్టీలకు ఖర్చు పెట్టాలని నియమం. మంచిదే. కానీ వయసు పదిహేను నుంచి ముప్పై అయిదు, ఆడవాళ్ళకయితే నలభై అయిదు దాకా. ముప్పై ఆరేళ్ళ మాదిగ కూలివాడు ఏం కావాలి? ఇంకోపక్క 2022లో మొదలైన ఉల్లాస్ వుంది. పదిహేనేళ్ళు దాటి చదువురాని వాళ్ళకు అక్షరాలు, లెక్కలు నేర్పే పథకం. అక్షరం రానివాడికి ఒకటి, ఇరవైల్లో వున్నవాడికి ఒకటి. పదో తరగతి దాకా చదివి నలభైకి దగ్గరపడినవాడు ఈ రెంటికీ నడుమ గుంతలో పడిపోయాడు.

ఇక నేర్పే ఇంగ్లీషు ఎట్లాంటిది? టై కట్టుకోవడం, చిరునవ్వు నవ్వడం, గుడ్ మార్నింగ్ సార్ అనడం, 'నాలోని బలాలు, బలహీనతలు' బట్టీపట్టి అప్పజెప్పడం. ఊడిగం చేసేవాడు వినయంగా వుండాలని మనువు చెప్పిందీ, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చెప్పేదీ మాకు పెద్ద తేడాగా కనబడలేదు. యజమాని మాట వినడానికి సరిపోయేంత ఇంగ్లీషు. యజమానిని ప్రశ్న అడగడానికి సరిపోని ఇంగ్లీషు.

మేము రెండు మూడు పల్లెల్లో రాత్రిపూట నడుపుతున్న తరగతుల్లో పాఠ్యపుస్తకం లేదు. జీతం స్లిప్పే పుస్తకం. మొదటి రోజు అందరినీ స్లిప్పు తెమ్మన్నాము. చాలామందికి కాగితం ఇవ్వరు, ఫోనులో వస్తుంది. ఇన్నేళ్ళలో దాన్ని తెరిచి చూసినవాళ్ళు తక్కువ. చూసేదల్లా బ్యాంకులో పడిన అంకె. గ్రాస్ అంటే ఏమి, నెట్ అంటే ఏమి, నడుమ పోయిన డబ్బు ఎక్కడికి పోయింది? బేసిక్ పదివేలయితే పీఎఫ్ కింద నూటికి పన్నెండు చొప్పున పన్నెండు వందలు మనది పట్టుకుంటారు. అంతే సొమ్ము కంపెనీ కూడా వేయాలి. ఈఎస్ఐకి మన జీతంలోనుంచి నూటికి ముప్పావు రూపాయి పోతుంది, కంపెనీ మూడు రూపాయల పావలా కట్టాలి. ఆ ముప్పావు రూపాయితో మనకేమి వస్తుంది? మనకూ, మనమీద ఆధారపడిన ఇంటివాళ్ళకూ వైద్యం వస్తుంది. జబ్బుచేసి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో నూటికి డెబ్బై వస్తుంది. కాన్పుకు 26 వారాలు వస్తుంది. ఇది తెలిసినరోజు ఒక అక్క అన్నమాట, "మూడేండ్లుగా కోస్తా వుండారు సార్, మొన్న మా యాయన ఆపరేషనుకు ముప్పైవేలు వడ్డీకి తెచ్చినాను గదా!"

ఆమె స్లిప్పులోనే ఎల్.ఓ.పీ. అని ఇంకో మూడక్షరాలు. లాస్ ఆఫ్ పే. ఆ నెలలో ఒక్కరోజు కూడా మానలేదు, బస్సు ఆలస్యంగా వచ్చిందని అరరోజు కోసేశారు. బస్సు కంపెనీదే! మరుసటి వారం పాఠం దానిమీదే పెట్టుకున్నాం. మూడు వాక్యాల ఉత్తరం. తేదీ, ఏం జరిగింది, ఏం కావాలి. 'దయచేసి, వేడుకుంటున్నాను, మీ విధేయురాలు' ఏవీ లేకుండా. ఆమె తన చేత్తో రాసింది. స్పెల్లింగు తప్పులు రెండున్నాయి, అట్లాగే ఇమ్మన్నాము. డబ్బు వచ్చే నెల జీతంలో కలిపి వేశారు. ఎంతంటారా, మూడొందల చిల్లర. కానీ ఆ వారం నుంచి తరగతికి ఆ బస్సులో వచ్చేవాళ్ళు ఇంకో ఆరుగురు చేరినారు.

పేర్ల సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. మునిరత్నం అని పేరు. బడిలో చేర్చిన రోజు అయ్యవారు ఒక స్పెల్లింగు రాసినాడు. ఆధార్ తీసినోడు ఇంకోటి కొట్టినాడు. పదో తరగతి సర్టిఫికెట్‌లో టీ పక్కన హెచ్ వుంటుంది, ఆధార్‌లో వుండదు. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక, ఒకదాంట్లో అసలు లేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు. చివరికి పని మానేసి డబ్బు తీసుకుందామని పోతే పేరు కలవలేదని వెనక్కి కొడతారు. మన పేరు మనం ఏ అక్షరాలతో రాసుకోవాలో కూడా ఇంకొకడు నిర్ణయించినాడు, శిక్ష మనకు పడింది. అందుకని మా తరగతిలో రెండో రోజు పని ఇదే. ప్రతి ఒక్కరూ తమ కాగితాలన్నీ ముందేసుకుని పేరులో అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

మేము తరగతుల్లో చూసిన ఇంకొక సంగతి. తెలుగులో ఎదుటి మనిషిని పిలవాలంటే ముందు అతని కులం, హోదా లెక్కగట్టుకోవాలి. నువ్వు, మీరు, తమరు. మన డెబ్బై ఏళ్ళ తాతను పదేళ్ళ దొర బిడ్డ 'ఏమిరా' అంటాడు. ఆ తాత వాడిని 'అబ్బోడా, తమరు' అంటాడు. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. పెద్దరెడ్డికీ అదే, పాలేరుకీ అదే. ఒక అన్న నలభై రెండేళ్ళవాడు, సూపర్‌వైజరుతో మాట్లాడినట్టు నటించు అంటే తెలుగులో వంగిపోయి మాట్లాడినాడు. అదే ఇంగ్లీషులో చెప్పమంటే వంగడానికి మాట దొరక్క నిటారుగా నిలబడినాడు. అందరూ నవ్వినారు, ఆయన కూడా నవ్వినాడు. భాష మారితే కులం పోతుందని మేము అనడం లేదు. 'సార్' అనే మాట ఒక్కటి పెట్టుకుని ఇంగ్లీషులో కూడా కావలసినంత వంగవచ్చు.

కువైట్ సంగతికి వద్దాం. మదనపల్లె, రాజంపేట, రాయచోటి పక్కల దళిత, ముస్లిం ఆడవాళ్ళు ఎంతమంది ఇళ్ళపనికి పోయినారో ఆ ఊళ్ళ మిద్దెలు చూస్తే తెలుస్తుంది. ఎంతమంది ఏడుస్తా తిరిగొచ్చినారో మిద్దెలు చెప్పవు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని వుంటుంది. వాళ్ళు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వం క్లియరెన్సు ఇవ్వాలి. అది తప్పించుకోవడానికే ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తాడు. కువైట్‌లో ఇళ్ళపనివాళ్ళకు 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి, పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. ఈ మూడు ముక్కలు మన ఆడవాళ్ళకు ఎవరు చెప్పినారు? సంతకం పెట్టిన ఒప్పందం కాగితంలో జీతం అంకె ఒకటి, అక్కడ ఇచ్చేది ఒకటి. కాగితంలో జీతం ఎక్కడ రాసివుందో, సెలవు ఎక్కడ రాసివుందో వేలు పెట్టి చూపించగలిగితే ఏజెంటు దగ్గరే సగం మోసం ఆగుతుంది. ఇదేదో చదువురాని వాళ్ళ బాధ అనుకోవద్దు. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కాంబోడియా మోసంలో చిక్కింది డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి పోయిన చదువుకున్న కుర్రోళ్ళు. వాళ్ళచేత అక్కడ సైబర్ నేరాలు చేయించారు. వాళ్ళకు ఇంగ్లీషు వచ్చు. రానిదల్లా కాగితాన్ని అనుమానించడం.

మన వామపక్ష మిత్రులు కొందరు మాతో వాదిస్తున్నారు. మీరు పెట్టుబడిదారులకు కూలీలను తయారుచేసి పెడుతున్నారు, భూమి పోరాటం వదిలేసి స్పోకెన్ ఇంగ్లీషు పట్టుకున్నారు అని. భూమి పోరాటం ఎవరూ వదల్లేదు. డీకేటీ పట్టాలు చేతిలో వుండి, భూమి చేతిలో లేని మనుషులతోనే మేము పొద్దున లేచినప్పటినుంచి తిరుగుతున్నాం. కానీ ఫ్యాక్టరీ లోపలికి మనవాళ్ళు పోవాలా వద్దా అని తేల్చేది మనం కాదు, వాళ్ళు ఎప్పుడో పోయినారు. పోయినవాళ్ళు కళ్ళు మూసుకుని వుండాలా, తెరుచుకుని వుండాలా అన్నదే ప్రశ్న.

ఇంకోవైపు ఇంగ్లీషును దేవతను చేసిన మిత్రులున్నారు. 2010లో ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీ జిల్లా బంకా గ్రామంలో ఇంగ్లీషు దేవికి గుడి కట్టడం మొదలుపెట్టారు. మెకాలే పుట్టినరోజు చేశారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. కానీ 1835లో మెకాలే రాసింది మనకోసం కాదు. తమకూ, తాము ఏలే కోట్లాదిమందికీ నడుమ దుబాసీలుగా పనికొచ్చే ఒక చిన్న తరగతి చాలని రాశాడు. ఆ తరగతిలో ఎవరు కూర్చున్నారో మనకు తెలుసు. పైనుంచి చదువు కిందికి కారుతుందన్న ఆ లెక్కను 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే ఎండగట్టాడు. రైతుల దగ్గర పన్ను గుంజి పైవాళ్ళకు చదువు చెప్తారా అని అడిగాడు. ఆ అడగడం ఇంగ్లీషులో అడిగాడు. బాబాసాహెబ్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు మన ఓటు హక్కు గురించి ఇంగ్లీషులో వాదించాడు. మరుసటి ఏడాది జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక మరాఠీలో తెచ్చాడు. అధికారంతో ఒక భాష, తనవాళ్ళతో ఒక భాష. కొండ కింద పుట్టి పెరిగిన మనకు గుళ్ళ సంగతి బాగానే తెలుసు గనక, ఇంకొకటి అక్కరలేదు.

మన దగ్గరే ఒక పాఠం వుంది. పక్కన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినపుడు రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అని పెట్టారు. సారాయి మీద ఆడవాళ్ళ కథ. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని చదివి ఊరుకోలేదు. సారాయి అంగడి మూయించారు. 1992కి అది రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాయి నిషేధించవలసి వచ్చింది. వాచకంలో 'అల, వల, తల' మాత్రమే వుండివుంటే ఆ మంట పుట్టేదా? పెద్దోళ్ళకు చెప్పే చదువులో వాళ్ళ బతుకు వుండాలి. తెలుగుకయినా అంతే, ఇంగ్లీషుకయినా అంతే.

అయితే ఇంగ్లీషు నేర్చుకోవడం మన పని అని చెప్పి కంపెనీలను వదిలేయడానికి వీల్లేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. వాటిమీద కార్మిక సంఘాలు పోరాడుతున్నాయి, ఆ పోరాటంలో మనమూ వున్నాం. కానీ ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని వాటిలో వుంది. ఆ పత్రం, ఆ జీతం స్లిప్పు, మిషను మీద అంటించే ప్రమాద హెచ్చరిక తెలుగులో కూడా వుండాలని మనం గట్టిగా అడగాలి. చేయి తెగే మిషను మీద హెచ్చరిక అర్థం కావడానికి ఎవడూ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోనక్కరలేదు. తెలుగు భాషోద్ధారకులు దీనికోసం ఒక్క ధర్నా చేస్తే మేము జెండా పట్టుకుని వెనక నడుస్తాం.

2019 జూలైలో మన అసెంబ్లీ పరిశ్రమల్లో నూటికి డెబ్బై అయిదు ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని చట్టం చేసింది. దానిమీద హైకోర్టులో కేసు పడింది. హర్యానాలో ఇట్లాంటి చట్టాన్నే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. దాని గతి ఏమవుతుందో చూడాలి. కానీ ఆ చట్టంలో ఒక మాట వుంది. నైపుణ్యం వున్న స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళలో వాళ్ళకు శిక్షణ ఇవ్వాలని. అంటే 'మీవాళ్ళకు రాదు' అనేది కంపెనీకి సాకు కాదు, బాకీ. 2013లో వచ్చిన ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బును అందరికీ వేసే రోడ్ల లెక్కలో చూపించడం మనం ఎరుగుదుం. అందులోనుంచి పల్లెకు ఒక రాత్రిబడి నడపమని అడుగుదాం. కట్టడాలు కొత్తవి అక్కరలేదు. అంబేద్కర్ భవనాలు తాళాలేసి వున్నాయి, తాళం చెవి సర్పంచు దగ్గర కాకుండా పల్లెవాళ్ళ దగ్గర వుంటే చాలు. వయసు పరిమితి తీసేయాలి. పదో తరగతి తప్పినవాళ్ళను ఓపెన్ స్కూల్లో కట్టించాలి. ఆ ఒక్క సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు మీద ముద్ర పోతుంది, ఐటీఐకి దారి దొరుకుతుంది. పగలు షిఫ్టు చేసి వచ్చే ఆడవాళ్ళకు తరగతి జరిగే రెండు గంటలు ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది కూడా మనం మాట్లాడుకోవాలి. దీనికి ఏ జీవో అక్కరలేదు, మన మగవాళ్ళు కదిలితే చాలు.

ఫోనులో ఫోటో తీస్తే తెలుగులోకి మార్చి చూపిస్తుంది గదా సార్, ఇంకా నేర్చుకోవడం ఎందుకని కుర్రోళ్ళు అడుగుతున్నారు. వాడుకోండి, మేమూ తరగతిలో వాడుతున్నాం. కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోను తీసి పెట్టెలో పడేయించే కంపెనీలున్నాయి. లోపల మీ తోడు మీ నోరే.

సంఘం కార్యకర్తలకు ఒక మనవి. తమ పల్లెలో తరగతి పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ పనికి పోతున్నారో, ఏ షిఫ్టో రాసుకోండి. షిఫ్టులు వారం వారం మారతాయి కాబట్టి ఒకే పాఠం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చెప్పవలసి వుంటుంది. నేర్పడానికి ఎమ్మే ఇంగ్లీషు అక్కరలేదు, డిగ్రీ చదివే మన ఆడపిల్ల చాలు. నవ్వేవాడిని మాత్రం తరగతిలో కూర్చోనివ్వకండి. వచ్చేవాళ్ళు జీతం స్లిప్పు, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, పీఎఫ్ నంబరు తెచ్చుకోవాలి. ఒప్పందం కాగితాలు వుంటే అవి కూడా. నలభై దాటినవాళ్ళకు బోర్డు కనబడుతుంది గానీ కాగితం మీది చిన్నక్షరం కనబడదు, సిగ్గుపడి చెప్పరు. కాబట్టి రెండు మూడు జతల చదివే అద్దాలు కొని తరగతిలోనే పెట్టండి. తిరుపతి బజారులో నూరు రూపాయలకు జత దొరుకుతుంది.